కన్న బిడ్డ, చేసిన బిడ్డ: ప్రయోగశాలలో బీజకణాల తయారీపై హెన్రీ గ్రీలీ వాదనకు ఒక వేదాంత విమర్శ

ప్రస్తావన

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర ఆచార్యుడైన హెన్రీ గ్రీలీ 2016లో ‘ది ఎండ్ ఆఫ్ సెక్స్ అండ్ ద ఫ్యూచర్ ఆఫ్ హ్యూమన్ రీప్రొడక్షన్’ అనే గ్రంథాన్ని వెలువరించారు. పేరు చూచి ముఖం తిప్పుకోవలసిన పుస్తకం కాదిది. రానున్న 20 నుండి 40 సంవత్సరాలలో సంపన్న దేశాలలోని అధిక సంఖ్యాకులు బిడ్డలను కనడానికి భార్యాభర్తల కలయికపై ఆధారపడరని ఆయన వాదిస్తారు. చర్మపు కణం నుండి ప్రయోగశాలలో అండాలు తయారుచేయించి, వాటిని ఫలదీకరింపజేసి, ఏర్పడిన వంద పిండాల జన్యువులను చదివించి, వాటిలో నచ్చిన ఒకదానిని గర్భంలో పెట్టించుకుంటారని ఆయన అంచనా. అండం గానీ శుక్రకణం గానీ ఇక శరీరం నుండి రానవసరం లేదు. మూలకణాల నుండి వస్తుంది.

మేము బి.డి. చదివిన రోజుల్లో క్రైస్తవ నీతిశాస్త్ర తరగతిలో కుటుంబ నియంత్రణ, గర్భస్రావం, కారుణ్య మరణం దాకా వెళ్ళి ఆగేవాళ్ళం. టెస్ట్‌ట్యూబ్ శిశువు సంగతి ఒక పేరాలో ముగిసేది. ఇప్పుడు మన పట్టణ సంఘాలలో ఐ.వి.ఎఫ్. ద్వారా పుట్టిన పిల్లలు సండేస్కూలులో కూర్చొని కంఠత వాక్యాలు చెబుతున్నారు. వారి బాప్తిస్మానికీ ప్రతిష్ఠకూ మనం ప్రార్థించాం. కాని వారి తల్లిదండ్రులు ఆసుపత్రిలో ఏ నిర్ణయాలు తీసుకోవలసి వచ్చిందో మనలో చాలామంది అడగలేదు, వారూ చెప్పలేదు. గ్రీలీ గ్రంథం ముందుంచే ప్రశ్న ఈ నిశ్శబ్దాన్ని ఇంకా పెద్దది చేయబోతోంది. కనుక దానిని జాగ్రత్తగా చదివి, ఎక్కడ అంగీకరించాలో, ఎక్కడ ఎదురు నిలవాలో చెప్పడానికి ఈ వ్యాసంలో ప్రయత్నిస్తాను.

శాస్త్రం ఎంతవరకు వచ్చింది

విషయం తెలియకుండా ప్రసంగపీఠం మీద నుండి ఖండించడం మనకు అలవాటైన బలహీనత. అందుచేత ముందుగా వాస్తవాలు చూద్దాం.

మన శరీర కణాలలో 46 క్రోమోజోములుంటాయి. అండంలో, శుక్రకణంలో మాత్రం వాటిలో సగం, అంటే 23 ఉంటాయి. ఆ సగం కావడమన్నది ఒక ప్రత్యేక విభజన ద్వారా జరుగుతుంది. అంతేగాక తండ్రి నుండి వచ్చిన జన్యువులపైనా, తల్లి నుండి వచ్చిన జన్యువులపైనా వేర్వేరు రసాయన ముద్రలుంటాయి. బీజకణాలు ఏర్పడేటప్పుడు పాత ముద్రలన్నీ చెరిగిపోయి, కొత్తవి పడాలి. ఈ చెరపడం, తిరిగి వ్రాయడం సరిగా జరగకపోతే పిండం ఎదగదు, లేదా రోగిష్ఠిగా పుడుతుంది. ప్రయోగశాలలో కష్టమైన పని ఇదే.

2006లో జపాను దేశంలోని క్యోటో విశ్వవిద్యాలయంలో షిన్యా యమనాకా, కజుతోషి తకహాషి నాలుగు జన్యువులను చొప్పించి ఎలుక శరీర కణాన్ని మూలకణం వంటి స్థితికి వెనుకకు నడిపించారు. 2007లో మనుష్య కణాలతోనూ అదే జరిగింది. 2012లో యమనాకాకు జాన్ గర్డన్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఇది మనకు చిన్న సంగతి కాదు. అప్పటిదాకా మూలకణ పరిశోధనపై క్రైస్తవుల ప్రధాన అభ్యంతరం, దాని కోసం మానవ పిండాలను నాశనం చేస్తున్నారన్నది. చర్మపు కణం చాలునన్నప్పుడు ఆ అభ్యంతరం పక్కకు పోయిందని అనేకులు ఊపిరి పీల్చుకున్నారు. గ్రీలీ గ్రంథం చదివితే అది పక్కకు పోలేదనీ, వేరే తలుపు గుండా తిరిగి వస్తోందనీ అర్థమవుతుంది.

అదే క్యోటోలో మిటినోరి సైటో, కత్సుహికో హయాషి 2011లో ఎలుక మూలకణాల నుండి ఆదిమ బీజకణాల వంటివాటిని తయారుచేసి, సంతానశక్తి లేని మగ ఎలుకల వృషణాలలో ఉంచి శుక్రకణాలు రాబట్టారు. వాటితో ఆరోగ్యవంతమైన పిల్లలు పుట్టాయి. 2012లో అండాల విషయంలోనూ విజయం సాధించారు. 2016లో హయాషి బృందం క్యుషు విశ్వవిద్యాలయంలో ఎలుక తోక చర్మంతో ఆరంభించి, అండం తయారయ్యే క్రమమంతా గాజుపాత్రలోనే నడిపించింది. అయితే గర్భంలో పెట్టిన అటువంటి పిండాలలో నూటికి నాలుగైనా పిల్లలు కాలేదు. 2023 మార్చిలో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సులో అదే హయాషి, రెండు మగ ఎలుకల కణాల నుండే పిల్లలు పుట్టించామని ప్రకటించారు. మగ ఎలుక కణంలోని వై క్రోమోజోము పోయిన తరువాత ఎక్స్‌ను రెండింతలు చేసి, దాని నుండి అండం తయారుచేశారు. 630 పిండాలను ఆడ ఎలుకల గర్భాలలో ఉంచితే పుట్టిన పిల్లలు 7.

మనుష్యుల విషయంలో ఇంకా అంత దూరం రాలేదు. 2018లో సైటో బృందం మానవ మూలకణాల నుండి అండానికి ముందరి దశకు చెందిన కణాలను తయారుచేసింది. 2024లో పాత ముద్రలు చెరిగే దశను గాజుపాత్రలో సాధించి, ఆ కణాలను విస్తారంగా పెంచగలిగింది. 2025 సెప్టెంబరులో అమెరికాలోని ఒరెగాన్ హెల్త్ అండ్ సైన్స్ విశ్వవిద్యాలయంలో షౌక్రత్ మితాలిపోవ్ బృందం వేరొక మార్గం చూపింది. దాత ఇచ్చిన అండంలోని కేంద్రకాన్ని తీసివేసి, చర్మకణపు కేంద్రకాన్ని పెట్టి, క్రోమోజోములు సగమయ్యేలా చేసింది. అటువంటి 82 అండాలను ఫలదీకరింపజేస్తే సుమారు 9 శాతమే ఆరవ రోజు దశకు చేరాయి. వాటిలోనూ క్రోమోజోముల లోపాలున్నాయి. కనుక ఇంతవరకు మూలకణాల నుండి వాడకానికి తగిన మానవ అండం గానీ శుక్రకణం గానీ ఎవరూ తయారుచేయలేదు, అట్లా ఏ మానవ శిశువూ పుట్టలేదు.

ఇక్కడొక హెచ్చరిక. 2009లో ఇంగ్లాండులోని న్యూకాజిల్‌లో కరీం నాయెర్నియా బృందం మానవ శుక్రకణాలను తయారుచేశామని ప్రకటించింది. ప్రపంచమంతా వార్త అయింది. కొద్ది వారాలలోనే ఆ పరిశోధన వ్యాసాన్ని పత్రిక ఉపసంహరించుకుంది. పీఠికలో కొంత భాగం ఇతరుల వ్యాసం నుండి తీసుకున్నదని తేలడమే కారణం. దినపత్రికలో చదివిన శాస్త్ర వార్తను ఆదివారం నాటికి అంత్యదినాల సూచనగా ప్రకటించే బోధకులు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

గ్రీలీ వాదన బలం ఎక్కడ

గ్రీలీ అనవసరంగా ఊరించే రచయిత కాదు. ఆయన వాదనలో శాస్త్రం సగమే. మిగతా సగం డబ్బు లెక్క. జన్యురోగంతో పుట్టిన బిడ్డకు జీవితాంతం చేసే వైద్యపు ఖర్చుతో పోలిస్తే అటువంటి పిండాన్ని ముందే వేరుచేయడం చౌక. కాబట్టి బీమా సంస్థలూ ప్రభుత్వాలూ ఈ పద్ధతిని ఉచితంగానైనా ఇస్తాయి, ఉచితంగా ఇచ్చేదాన్ని జనం తీసుకుంటారు. చల్లగా చెప్పినా ఇది నిజమయ్యే మాటే. భద్రత, కుటుంబ బంధాలు, సమానత్వం, బలవంతం అనే శీర్షికల క్రింద తన ప్రతిపాదనలోని ప్రమాదాలను ఆయనే ఎత్తి చూపారు. నిషేధం కన్నా నియంత్రణ మేలని ఆయన ముగింపు.

ఆయన చూపే మేలు కూడా నిజమైన మేలే. ఐ.వి.ఎఫ్.లో స్త్రీ దినాల తరబడి హార్మోను ఇంజెక్షన్లు చేయించుకోవాలి, మత్తు ఇచ్చి సూదితో అండాలు తీయాలి. భారం అంతా ఆమె శరీరం మీదే. కాన్సరు చికిత్స వలన అండాశయం దెబ్బతిన్న యువతి, చిన్న వయస్సులోనే ముట్లుడిగిన స్త్రీ, శుక్రకణాలే లేని పురుషుడు, వీరికి తమ రక్తసంబంధమైన బిడ్డ కలిగే మార్గం ఇప్పుడు లేదు. దాతల అండాల కోసం పేద స్త్రీలను వెతకవలసిన అవసరం కూడా ఈ పద్ధతితో తీరిపోవచ్చు. మన దేశంలో 2021 సహాయక పునరుత్పత్తి సాంకేతిక చట్టం అండదాత జీవితంలో ఒక్కసారే, ఏడు అండాలకు మించకుండా ఇవ్వాలని కట్టడి చేసింది. ఆ కట్టడి అవసరమైందంటేనే అంతకుముందు ఏమి జరుగుతుండేదో ఊహించుకోవచ్చు. ఈ మేళ్ళను తేలికగా కొట్టివేసే క్రైస్తవ విమర్శ చదువరి మనస్సాక్షికి తగలదు.

అయితే మతపరమైన అభ్యంతరాలను గ్రీలీ ఒక్క అధ్యాయంలో మూటగట్టి పక్కన పెట్టారు. దేవుని చిత్తానికి విరోధమనో, ప్రకృతికి విరుద్ధమనో అనేవారి నమ్మకం వారిదే తప్ప, అందరినీ కట్టే చట్టానికి అది ఆధారం కాజాలదని ఆయన ధోరణి. ‘ప్రకృతి విరుద్ధం’ అనే వాదనను ఆయన తోసివేయడం సబబే. కళ్ళజోడు పెట్టుకొని, మధుమేహానికి ఇన్సులిన్ తీసుకొని ప్రసంగం చేసే కాపరి ఆ మాట వాడలేడు. కాని క్రైస్తవ వేదాంతం ఈ విషయంలో చెప్పగలిగింది అంతేనని ఆయన అనుకోవడమే పొరపాటు. 1970లోనే పాల్ రామ్సే ‘ఫాబ్రికేటెడ్ మాన్’ వ్రాశారు. ఆలివర్ ఓడోనోవన్ 1984లో ‘బిగాటెన్ ఆర్ మేడ్?’ వ్రాశారు. వారు ప్రకృతిని గూర్చి కాదు, తల్లిదండ్రులకూ బిడ్డకూ మధ్యనున్న సంబంధాన్ని గూర్చి మాట్లాడారు. ఎదుటి పక్షంలోని బలవంతుణ్ణి వదిలి బలహీనుడితో తలపడడం న్యాయశాస్త్ర ఆచార్యునికి తగిన పని కాదు.

కలుగుట, కనుట, చేయుట

ఓడోనోవన్ వాదనకు మూలం నైకయ విశ్వాస ప్రమాణంలో ఉంది. కుమారుడు తండ్రి చేత చేయబడినవాడు కాడు, ఆయనకు జనించినవాడు. మనం జనింపజేసేది మన వంటిదే, మనతో సమానమైనది. మనం చేసేది మన చేతిక్రింది వస్తువు, మన ఉద్దేశానికి లోబడినది. బిడ్డను ‘చేసిన’ తల్లిదండ్రులు ఆ బిడ్డ ముందు సమానులుగా ఎట్లా నిలువగలరు? ఆయన ప్రశ్న ఇది.

మన భాషలో ఈ భేదం ఇంకా స్పష్టంగా వినబడుతుంది. తెలుగువాడు పిల్లలు ‘కలిగారు’ అంటాడు, పిల్లలను ‘కన్నాము’ అంటాడు, ‘చేశాము’ అనడు. ఆదికాండము మొదటి అధ్యాయంలో దేవుడు పలుకగా వెలుగు వచ్చిన చోట మన అనువాదకులు వాడిన క్రియ కూడా ‘కలుగు’ అన్నదే. యోహాను సువార్త ఆరంభంలో సమస్తమూ వాక్యము మూలముగా వచ్చిందన్నప్పుడూ అదే క్రియ. కర్త మన చేతిలో లేని క్రియ అది. ఆదికాండము 4:1లో హవ్వ తన మొదటి కుమారుని గూర్చి పలికిన మాటలో హెబ్రీ క్రియ ‘కానా’. సంపాదించుకొనుట అని దాని భావం, తెలుగులోనూ అట్లే అనువదించారు. సంపాదన మాట వచ్చినా ఆమె దానికి యెహోవా పేరు జతచేసింది. సంపాదించుకున్న ఆ కుమారుడే తరువాత ఏమయ్యాడో చదువరులకు తెలుసు.

భాష మీద వేదాంతం కట్టే ముందు ఒక మాట. 1961లో జేమ్స్ బార్ తన ‘ద సెమాంటిక్స్ ఆఫ్ బిబ్లికల్ లాంగ్వేజ్’లో, పద వ్యుత్పత్తుల నుండి సిద్ధాంతాలు పిండేవారిని గట్టిగా మందలించారు. ‘కలుగు’ అనే క్రియ దేవుణ్ణి నిరూపించదు. రేపు తెలుగువారు పిల్లలను ‘చేయించుకున్నాము’ అని అనడం మొదలుపెట్టవచ్చు, భాష ఆపలేదు. భాష చూపించేది ఇంతే: ఇంతకాలం మనం బిడ్డను ఏ సంబంధంలో ఉంచుకున్నామన్నది. ఆ సంబంధం సరియైనదా అన్నది లేఖనాన్ని అడగాలి.

లేఖనం కలయికను పొగడి ప్రయోగశాలను తెగడదు, ప్రయోగశాల అప్పుడు లేదు. అది చెప్పేది ఏమంటే, తల్లి గర్భంలో నిర్మాణం జరుగుతున్నప్పుడు చూచే కన్ను ఒకటుంది, అది తల్లిదండ్రుల కన్ను కాదు (కీర్తన 139:13-16). కీర్తనకారుడు ఇంకా రూపమేర్పడని పిండాన్ని దేవుడు చూచాడని అంటాడు. ఆ చూపులో ఎంపిక లేదు, పోలిక లేదు. గ్రీలీ ప్రతిపాదించే చూపు వేరు. అక్కడ చూచేది కొనుగోలుదారుడు.

1970లలో జోసెఫ్ ఫ్లెచర్, మన విద్యార్థులకు సందర్భ నీతి ద్వారా పరిచయమున్నవాడు, ప్రయోగశాలలో జరిగే ఉత్పత్తే మామూలు కలయికకన్నా ఎక్కువ మానవీయమని వాదించాడు. ఎందుకంటే అది ఆలోచించి, కోరి, ఎంచుకొని చేసే పని. మనిషంటే సంకల్పమే అనుకునేవాడికి ఆ మాట సరిపోతుంది. గ్రీలీ అంత దూరం వెళ్ళలేదు గాని, ఆయన వాదన నిలబడిన నేల అదే.

వందలో ఒకటి

అండాలు అపరిమితంగా దొరకడమే ఈ పద్ధతిలో అసలు మార్పు. ఇప్పుడు ఒక స్త్రీ నుండి ఒక విడతలో పదో పదిహేనో అండాలు వస్తాయి. చర్మం నుండైతే ఎన్నయినా వస్తాయి. గ్రీలీ లెక్కలో వంద పిండాలు తల్లిదండ్రుల ముందుంటాయి. పసితనంలోనే ప్రాణం తీసే రోగాలు, తరువాత రాగల రోగాలు, కన్ను, జుట్టు, రంగు వంటి రూపలక్షణాలు, తెలివి, స్వభావం వంటివాటి అంచనాలు, ఆఖరున ఆడా మగా అన్నది, ఇవన్నీ పట్టికగా ఇస్తారు. తెలివి, స్వభావం విషయంలో జన్యువులు చెప్పగలిగేది తక్కువేనని ఆయన నిజాయితీగా ఒప్పుకున్నారు. ఆడో మగో మాత్రం తప్పకుండా తెలుస్తుందని చెప్పారు.

ఆ చివరి మాటను అమెరికా చదువరి తేలికగా దాటిపోతాడు. మనం దాటిపోలేము. 1994లో గర్భస్థ లింగనిర్ధారణ నిషేధ చట్టం తెచ్చుకున్న దేశం మనది. 2003లో దానిని సవరించి, గర్భధారణకు ముందు జరిగే ఎంపికను కూడా అందులో చేర్చారు. అయినా 2011 జనాభా లెక్కలలో ఆరేళ్ళలోపు మగపిల్లలు 1000 మందికి ఆడపిల్లలు 920కి లోపే. గర్భస్రావం చేయించడానికి జంకే తల్లి కూడా, గాజుపాత్రలోని వంద పిండాలలో మగపిండాన్ని చూపించమంటే జంకకపోవచ్చు. అక్కడ రక్తం కనబడదు. ఒక చీటీ మీద గుర్తు పెట్టడమే. రంగు సంగతి చెప్పనే అక్కరలేదు. పెండ్లి ప్రకటనలలో తెల్లని వధువు కావాలని అచ్చు వేయించే సమాజం, క్రైస్తవ పత్రికలలోని ప్రకటనలతో సహా, పిండాల పట్టికలో రంగు గడి ఖాళీగా వదిలిపెడుతుందా?

యెష్షయి ఇంట్లో సమూయేలు ఏలీయాబును చూచి ఇతడే అనుకున్న సంగతి (1 సమూయేలు 16) ఇక్కడ గుర్తుకు రావాలి. ప్రవక్త చూపే తప్పింది. ఏడుగురు వరుసగా నడిచి వెళ్ళారు. ఎంపికైనవాడిని ఆ వరుసలోకి పిలవనేలేదు, గొర్రెల దగ్గర ఉన్నాడు. జన్యుపట్టిక ఎంత పొడవైనా పైరూపపు పట్టికే, లోపలి వరకు వెళ్ళిన పైరూపం. ఎవరు ఎట్లాంటి మనిషి అవుతాడన్నది అది చెప్పదు.

మిగిలిన తొంభైతొమ్మిది పిండాల మాట ఏమిటి? రోమను కథోలిక సంఘం 1987లో వెలువరించిన ‘దోనుం వీతే’లో పిండాన్ని గర్భధారణ క్షణం నుండి వ్యక్తిగా గౌరవించాలని చెప్పింది. 2008లో ‘దిగ్నితాస్ పెర్సోనే’లో దానిని మరింత విశదపరచింది. ప్రొటెస్టంటు సంఘాలలో ఒక మాట లేదు. ఆరు రోజుల పిండం పూర్తి మనిషి అని చెప్పలేమని భావించే వేదాంతులు కూడా మనలో ఉన్నారు, వారిని అవిశ్వాసులనడం అన్యాయం. కాని ఒక సంగతిలో ఇరుపక్షాలూ కలవగలవు. వారసులు కావలసినవాటిని వందగా తయారుచేసి, తొంభైతొమ్మిదిని పారవేయడం కోసమే తయారుచేయడం, అరుదైన నష్టం కాదు, పద్ధతే అది. యమనాకా 2006లో పిండాల నాశనం లేకుండా మూలకణాలు ఇచ్చాడు. ఆ మూలకణాలతోనే ఇప్పుడు మునుపెన్నడూ లేనన్ని పిండాలు తయారుకాబోతున్నాయి.

పుట్టని తల్లిదండ్రులు

ఈ పుస్తకం కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టినది దీని పక్కన చదివిన మరొక వ్యాసం. ఆస్ట్రేలియా తత్వవేత్త రాబర్ట్ స్పారో 2014లో ‘ఇన్ విట్రో యూజెనిక్స్’ పేరుతో ఒక వైద్యనీతి పత్రికలో వ్రాసినది. పిండం నుండి మూలకణాలు తీసి, వాటి నుండి అండాలు, శుక్రకణాలు తయారుచేసి, వాటిని కలిపి మరొక పిండం చేస్తే? దాని నుండి మరొకటి? గర్భం ఎక్కడా లేకుండా, గాజుపాత్రలోనే తరం వెంట తరం నడుస్తుంది. పశువులను, పైరులను తరతరాలుగా మేలురకం చేసినట్టు మనుష్యులను చేయవచ్చు, అదీ కొన్ని సంవత్సరాలలోనే. అదే సంవత్సరం మరికొందరు నీతిశాస్త్రవేత్తలు ఇదే పద్ధతితో నలుగురు కలిసి ఒకే బిడ్డకు జన్యుసంబంధమైన తల్లిదండ్రులు కావచ్చునని, దానిలో తప్పేమీ లేదని వాదించారు.

ఆ నలుగురు, బిడ్డకు లెక్క ప్రకారం తాతలూ అమ్మమ్మలే. నిజమైన తల్లి, తండ్రి ఎవరంటే, కణాలు తీసి పారవేసిన రెండు పిండాలు. పుట్టని వారికి పుట్టిన బిడ్డ. ఈ వాక్యం వ్రాస్తూనే నా కలం ఆగింది, ఎందుకంటే మన బైబిలు వంశావళులతో నిండి ఉంది. ఆదికాండము 5, రూతు 4, మత్తయి 1, లూకా 3 చదివేటప్పుడు విద్యార్థులు విసుక్కుంటారు. ఆ పట్టికలలో ప్రతి పేరూ ఒక బ్రదికిన మనిషి. తామారు ఉంది, రాహాబు ఉంది, ఊరియా భార్య ఉంది. సిగ్గుపడవలసిన కథలు ఉన్నాయి గాని, కథ లేని పేరు లేదు.

హెబ్రీ పత్రిక 7:9-10లో ఒక వింత వాదన ఉంది. మెల్కీసెదెకు అబ్రాహామును కలిసినప్పుడు లేవి ఇంకా తన పితరుని శరీరంలోనే ఉన్నాడు గనుక, లేవి కూడా దశమభాగం ఇచ్చినట్టే అని రచయిత అంటాడు. పాత జీవశాస్త్రం అని వ్యాఖ్యాతలు దీనిని తేలిక చేస్తారు. ఇక్కడ ఒక సంగతి చూడండి. ఆడశిశువు తల్లి గర్భంలో అయిదు నెలల నాటికే ఆమె అండాశయాలలో అరవై డెబ్బై లక్షల అండకణాలు ఏర్పడి ఉంటాయి. అంటే నీ తల్లి నీ అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడే, నీవు ఏ అండం నుండి వచ్చావో అది అక్కడ ఉంది. మూడు తరాలు ఒకే శరీరంలో. హెబ్రీ పత్రిక రచయితకు ఈ సంగతి తెలియదు. కాని తరాలు ఒకరిలో ఒకరు ఉంటారనీ, ముందటివారు చేసిన పని తరువాతివారిని పట్టుకుంటుందనీ ఆయనకు తెలుసు. నిబంధన అనే మాటకు అర్థమే అది. తరాలను గాజుపాత్రలో పరుగెత్తించి మధ్యవారిని పారవేసే పద్ధతిని నేను వ్యతిరేకించేది ఇందువల్లనే. పిండం ఎప్పుడు వ్యక్తి అవుతుందన్న చర్చ తేలకపోయినా ఈ అభ్యంతరం నిలుస్తుంది.

బ్రిటనులో 2008 చట్టం ప్రకారం గర్భంలో పెట్టే పిండానికి అండాశయం నుండి వచ్చిన అండం, వృషణం నుండి వచ్చిన శుక్రకణమే వాడాలి. మన దేశంలో 2017 నాటి జాతీయ మూలకణ పరిశోధనా మార్గదర్శకాలు మానవ పిండాన్ని 14 రోజులకు మించి పెంచడాన్ని నిషేధించాయి. 2021 చట్టంలో బీజకణమంటే శుక్రకణం, అండం అని నిర్వచనం ఉంది గాని, అవి ఎక్కడి నుండి రావాలన్న కట్టడి అంత స్పష్టంగా లేదు. చట్టసభలకు విన్నపాలు పంపే అలవాటున్న మన సంఘ సమాఖ్యలు అడగదగిన సవరణ ఇది.

గొడ్రాలి కన్నీరు

ఇంత చెప్పిన తరువాత గ్రీలీ ‘బలవంతం’ అనే అధ్యాయం దగ్గరకు తిరిగి రావాలి. రాజ్యమో బీమా సంస్థో తల్లిదండ్రులను ఈ పద్ధతిలోకి నెట్టుతుందేమోనని ఆయన భయం. మన దగ్గర ఆ పని అత్తగారు చేస్తుంది. ఆడబిడ్డ చేస్తుంది. కొన్నిసార్లు, చెప్పడానికి బాధగా ఉన్నా, సంఘమే చేస్తుంది. పెండ్లయిన రెండేళ్ళకు ఆరాధన ముగిసి బయటకు వస్తున్న స్త్రీని విశేషమేమైనా ఉందా అని అడగని సంఘం ఎక్కడుంది? హన్నా కథ మీద మనం చేసే ప్రసంగాలు వినండి. ప్రార్థించింది, పొందింది, నీవూ ప్రార్థించు. పదిహేనేళ్ళు ప్రార్థించి పొందనివారు ఆ బల్లమీద కూర్చొని ఏమి విన్నట్టు? లోపం భర్తలో ఉన్నా గొడ్రాలన్న పేరు భార్యకే. చర్మకణం నుండి అండం చేయవచ్చునన్న వార్త రేపు నిజమైతే, ఆ స్త్రీకి ఇక ఏ సాకూ మిగలనివ్వరు. వైద్యం ఉంది కదా, ఇల్లు అమ్మి అయినా చేయించుకోమంటారు. గ్రీలీ ఊహించిన ఉచిత వైద్యం ఆమె దాకా రాదు. ఐ.వి.ఎఫ్. కోసం పొలం తాకట్టు పెట్టిన కుటుంబాలు మన సంఘాలలో ఉన్నాయి.

ఆదికాండము 30లో రాహేలు పుత్రదాత వృక్షపు పండ్ల కోసం అక్కతో బేరమాడుతుంది. అప్పటి సంతాన వైద్యం అది. లేఖనం ఆమెను గద్దించదు. పండ్ల వలన బిడ్డ కలిగిందని కూడా చెప్పదు. దేవుడు ఆమెను జ్ఞాపకం చేసుకున్నాడని చెప్పి ఊరుకుంటుంది. వైద్యం వెదికే దంపతుల పట్ల మన వైఖరి కూడా అట్లాగే ఉండాలని నా అభిప్రాయం. యెషయా 56:3-5లో నపుంసకునికి దేవుడు వాగ్దానం చేసేది బిడ్డలను కాదు, బిడ్డలకంటె శ్రేష్ఠమైన పేరును, తన మందిరంలో చోటును. సంతానం లేనివారిని సంఘ పెద్దలుగా, సండేస్కూలు ఉపాధ్యాయులుగా, తల్లులుగా తండ్రులుగా నిలబెట్టే సంఘం మాత్రమే ఆ వచనం మీద ప్రసంగించగలదు.

దత్తత గూర్చి కూడా కాపరులకు సరియైన సమాచారం ఉండాలి. 1956 నాటి దత్తత చట్టం హిందువులకే వర్తించేది. క్రైస్తవులు 1890 నాటి చట్టం క్రింద సంరక్షకులు మాత్రమే కాగలిగేవారు, చట్టరీత్యా తల్లిదండ్రులు కాలేకపోయేవారు. బాల న్యాయ చట్టం 2000లో వచ్చి, 2006లో సవరణ పొందిన తరువాత ఆ తలుపు తెరుచుకుంది. ఏ మతస్థులైనా ఈ చట్టం క్రింద దత్తత తీసుకోవచ్చునని 2014లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇప్పుడు 2015 చట్టం అమలులో ఉంది. రోమా 8:15లో దత్తపుత్రాత్మ గూర్చి ఏటా బోధించే మనం, క్రైస్తవులకు దత్తత హక్కు లేదని ఇంకా చెబుతుండడం విచిత్రం.

మూలకణాల నుండి బిడ్డలు రావడానికి ఇంకా సంవత్సరాలు పట్టవచ్చు. కాని ఆ ప్రశ్నలలో ఒకటి ఇప్పుడే మన ఇండ్లలోకి వచ్చింది. 2021 చట్టం ప్రకారం ఐ.వి.ఎఫ్.లో మిగిలిన పిండాలను శీతలీకరించి పది సంవత్సరాల వరకు దాచవచ్చు. గడువు తీరాక వాటిని నశించనివ్వాలి, లేదా దంపతుల సమ్మతితో పరిశోధనకు ఇవ్వాలి. బిడ్డ పుట్టిన సంతోషంలో ఆ దంపతులు సంతకం పెట్టిన కాగితం ఆసుపత్రి ఫైలులో ఉంటుంది. ఆసుపత్రి నుండి ఉత్తరం వచ్చినప్పుడు వారు దానిని పట్టుకొని కాపరి ఇంటికి వస్తారా, లేక ఎవరికీ చెప్పకుండా ఒక గడిలో గుర్తుపెట్టి పంపిస్తారా అన్నది, ఆ పది సంవత్సరాలలో మనం వారితో ఎట్లా మాట్లాడామన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.